రెక్కల సంధి



టెక్సాసులో మా మనుమడు రాకెట్లు చేస్తాడు. బొమ్మలనుకునేరు! మొత్తం ప్రచోదనం 160 న్యూటన్-సెకన్లు దాటితే అక్కడ హై పవర్ రాకెట్లంటారు; ఆ మోటారు కొనడానికే యోగ్యతాపత్రం కావాలి.

తోక రెక్కలు బయటి గొట్టపు చీలికల గుండా దూరి లోపలి మోటారు గొట్టాన్ని తాకుతాయి. వాటిని ఎపాక్సీతో అతికిస్తారు. మహావేగంలో రెక్క రెపరెపలాడి విరిగిందా, రాకెట్టు దారి తప్పుతుంది, కింద మనుషులుంటారు. అందుకే గొట్టాల నడిమి ఖాళీలో పాలీయురెథేన్ నురుగు పోయడం. రెండు ద్రవాలు కలపగానే పొంగి, వేడెక్కి, గట్టిపడుతుంది.

ఆగమం మిత్రుని వంటిది, ఉన్నవారి పక్కన చేరుతుంది. ఆదేశం శత్రువు వంటిది, ఉన్నవారిని తోసి కూర్చుంటుంది అని తరగతిలో చెప్పేవాణ్ణి. ఈ నురుగు ఆగమమే. పొంగు వెలుపలికి పోయే రంధ్రం ఉంచక అతిగా పోస్తే మాత్రం గొట్టాన్నే ఉబ్బించి ఆదేశమై కూర్చుంటుంది! పైగా తోక బరువెక్కితే గరిమనాభి వెనక్కు జరుగుతుంది. అది పీడన కేంద్రానికి ముందు, కనీసం గొట్టపు వ్యాసమంత దూరాన ఉండాలి.

వాడు కొద్దికొద్దిగా, రెండు విడతలుగా పోశాడు. గట్టిపడ్డాక తూచి, ముక్కులో సీసపు గుళ్ళు వేసి మళ్ళీ తూచాడు. నేను ఫోనులో నేర్పిన తెలుగే వాడిది. రంధ్రంలోంచి పొంగిన నురుగును కత్తితో కోసేస్తూ, "తాతయ్యా, ఇది లోపసంధి" అన్నాడు.