నేలపట్టు చెరువు గట్టున నలుగురం

స్నేహితురాళ్ళతో కలిసి మీరు ఆఖరుసారి ఎక్కడికి వెళ్ళారో ఒక్క నిమిషం గుర్తు చేసుకోండి. పెళ్ళిళ్ళు, సీమంతాలు, గృహప్రవేశాలు లెక్కలోకి రావు. అక్కడ వచ్చినవాళ్ళకు బొట్టు పెట్టడం, వియ్యాలవారికి కాఫీలు అందాయో లేదో చూడటం... ఇద్దరం ఒకచోట కూర్చునే తీరిక ఎక్కడిది? తిరుమల, శ్రీశైలం కూడా వద్దులెండి. అవి ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళేవి. మన చేతిలో సంచీ, సంచీలో అందరి మందులు, కళ్ళు పిల్లల మీద. నేనడిగేది ఊరికే, ఏ పనీ పెట్టుకోకుండా, కబుర్ల కోసం వెళ్ళడం గురించి. గుర్తు రావడం లేదు కదూ? మాకూ రాలేదు!

మేం నలుగురం నెల్లూరులో డిగ్రీ కలిసి చదువుకున్నాం. ఒకే బెంచీ, ఒకే టిఫిన్ క్యారియరు. ఇప్పుడు ఒకరు చెన్నైలో, ఒకరు తిరుపతిలో, ఒకరు నాయుడుపేటలో. నేను నెల్లూరులోనే ఉండిపోయాను. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు ఎవరింటికైనా చేరిపోయే దూరాలే. అయినా "ఈ సంక్రాంతికి తప్పకుండా", "పిల్ల పరీక్షలు కాగానే" అనుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపేశాం. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాక అదే సరిపోతుందనుకున్నాం గానీ, అందులో రోజూ పొద్దున్నే గులాబీ పువ్వుల బొమ్మలు తప్ప ఇంకేం వస్తాయి చెప్పండి!

ఆ గ్రూపులోనే ఓ రోజు మాట మొదలైంది. ఊటీ అని ఒకరు, అరకు అని ఒకరు, కేరళ పడవలని ఇంకొకరు. నాయుడుపేట స్నేహితురాలు మాత్రం, "మీరు వెళ్ళి రండే. ఫోటోలు పంపండి, చూసి సంతోషిస్తాను" అంది. వాళ్ళ అత్తగారు తుంటి ఎముక విరిగి మూడేళ్ళుగా మంచం మీదే ఉన్నారు. చూసుకోవడానికి పెట్టుకున్న మనిషి పొద్దున ఎనిమిదింటికి వచ్చి సాయంత్రం ఆరింటికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత అంతా ఈవిడే. మూడేళ్ళలో ఊరు దాటిందీ రెండుసార్లు, రెండూ ఆస్పత్రికే.

మా చెన్నై ఆవిడకు మాలో నోరు కాస్త ఎక్కువ. ఫోన్ చేసి అందరినీ కలిపి ఒకటే మాట అంది. "ఊటీ ఎక్కడికీ పోదు. ఇది రాగలిగిన చోటికే మనమూ పోదాం."

మీరూ ఇలాంటి ప్రయాణం అనుకుంటే, నా సలహా కూడా అదే. మీ గుంపులో ఎవరికి ఇంటి బంధం ఎక్కువో చూసుకోండి. ఆవిడ ఇంటి చుట్టూ ఒక గీత గీయండి. పొద్దున వెళ్ళి దీపాలవేళకు తిరిగి రాగలిగినంత దూరం. ఆ గీత లోపల చూడదగ్గ చోటు ఒక్కటైనా లేకపోదు. నాయుడుపేట చుట్టూ మేం గీస్తే దొరికింది నేలపట్టు!

పేరు విన్నారా? నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళే జాతీయ రహదారిలో నాయుడుపేట దాటాక దొరవారిసత్రం వస్తుంది. అక్కడ రోడ్డు దిగి కొంచెం లోపలికి వెళితే నేలపట్టు పక్షుల కేంద్రం. చిన్నప్పటి నుంచీ మాకు నెల్లూరు జిల్లా ఊరే. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. "ఇకమీదట మీరు మా జిల్లాకు చుట్టాలు" అని మా తిరుపతి ఆవిడ ఆ రోజంతా దెప్పుతూనే ఉంది.

ఇంట్లో చెప్పినప్పుడు మావారు పేపరు దించకుండానే, "పక్షులా? మన డాబా మీద లేవా?" అన్నారు. "ఆ రోజు అన్నం ఎవరు వడ్డిస్తారు?" అనేది అసలు ప్రశ్న. దానికి జవాబుగా ముందురోజే పప్పుచారు కాచి, దొండకాయ వేపుడు చేసి, కుక్కరులో బియ్యం ఎన్ని, నీళ్ళు ఎన్ని అనేది గోడ మీద రాసిపెట్టాను. వండుకున్నారు, తిన్నారు, ఇల్లేం కూలిపోలేదు.

మేం వెళ్ళింది జనవరి మూడో వారంలో, సంక్రాంతి హడావుడి తగ్గాక. నెల్లూరు నుంచి నేను, శ్రీకాళహస్తి మీదుగా మా తిరుపతి ఆవిడ బస్సుల్లో నాయుడుపేట చేరాం. రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మాకు టిక్కెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. చెన్నై నుంచి సూళ్ళూరుపేట దాకా లోకల్ రైళ్ళు ఉన్నాయి కాబట్టి మూడో ఆవిడ అలా వచ్చి, ఆటోలో నేలపట్టు గేటు దగ్గర కలిసింది. నాయుడుపేటలో ఒక కారు రోజంతటికీ మాట్లాడుకున్నాం. ఆ ఖర్చుకు ముందునుంచే నెలకు తలా 200 రూపాయలు ఒకరి దగ్గర దాచుకున్నాం. ప్రయాణం నాడు "నేనిస్తాను, కాదు నేనిస్తాను" అనే గొడవ లేదు. ఇంట్లో చేయి చాచే పనీ లేదు.

గేటు దాటి చెరువు గట్టు ఎక్కగానే ముందు వినిపించేది గోల! బడి వదిలినప్పుడు పిల్లల గోల ఉంటుందే, అలాగన్నమాట. చెరువు నీళ్ళలో కడప చెట్లు మొదళ్ళ దాకా మునిగి నిలబడి ఉంటాయి. వాటి కొమ్మల నిండా గూళ్ళు. చుట్టూ నీళ్ళు ఉండటంతో గుడ్ల జోలికి, పిల్లల జోలికి వచ్చే జంతువులు తక్కువ. అందుకే ఆ పక్షులకు ఆ చెట్లంటే అంత నమ్మకం. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, కంకణాలు, నీటికాకులు... ఒకే చెట్టు మీద పై అంతస్తు, కింది అంతస్తు అన్నట్టు కాపురాలు. మన అపార్టుమెంట్లే నయం, పైవాళ్ళు చెత్త మన మీద పోయరు!

గూడబాతు అంటే ముక్కు కింద పెద్ద సంచీ వేలాడే పక్షి, ఇంగ్లీషులో పెలికాన్ అంటారు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటుంటారు గానీ, ఇక్కడ గూళ్ళు పెట్టే ఈ గూడబాతులు మన దక్షిణాసియా పక్షులే. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే పిల్లలు పెట్టడానికి వస్తాయి. మూడు, నాలుగు గుడ్లు పెట్టి, నెల రోజులకు పైగా ఆడా మగా వంతులు వేసుకుని పొదుగుతాయి. పిల్లలకు మేత తేవడం కూడా ఇద్దరి పనే. పులికాట్ సరస్సుకు వెళ్ళి చేపలు పట్టుకొస్తాయి. పిల్ల తల్లి నోటి సంచీలోకి మెడదాకా తల దూర్చి తింటుంది. చూస్తుంటే ఊపిరాడుతుందా అని మనకు భయం వేస్తుంది.

పక్కింటి అబ్బాయి దగ్గర దుర్భిణీ అడిగి తెచ్చాను. అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూనే ఉంది. నాయుడుపేట ఆవిడ ఒక గూటినే పట్టుకుని ఎంతకీ కదలలేదు. "చూడవే, ఆ తండ్రి పక్షి ఎగిరొచ్చాక గానీ తల్లి గూడు వదల్లేదు. వచ్చాక మాత్రం ఒక్క క్షణం ఆగలేదు!" అంది. మేమెవరం ఏమీ అనలేదు. అంతలో ఆవిడ ఫోను మోగింది. "షుగరు మాత్ర అన్నానికి ముందా, తర్వాతా?" అని ఇంటి నుంచి. చెప్పి, ఫోను సంచీలో వేసి మళ్ళీ దుర్భిణీ పట్టుకుంది.

పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్ళు పొలాలకు మంచి ఎరువని ఊళ్ళో వాళ్ళు చెబుతారు. అందుకే వాటిని తోలరు. ఈ చోటును ప్రభుత్వం 1976లో సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. గట్టు మీద నడవడానికి దారి, ఎక్కి చూడటానికి మంచె కూడా ఉన్నాయి. మా మోకాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇద్దరం ఎక్కాం, ఇద్దరం కింద నుంచి వ్యాఖ్యానం విన్నాం.

భోజనం చెట్ల నీడలో. చింతపండు పులిహోర, దద్దోజనం, మాగాయ, మా ఇంటి అరిసెలు, తిరుపతి నుంచి వచ్చిన మురుకులు. ఎండలో తీసుకెళ్ళే పులిహోరకు అన్నం పలుకుగా వండి, పళ్ళెంలో పరిచి, నువ్వులనూనె వేసి, బాగా చల్లారాకే పులుసు కలపండి. దద్దోజనానికైతే పొద్దున కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచాడు పెరుగు వేస్తే చాలు, తినేవేళకు కమ్మగా తోడుకుంటుంది. పెరుగే పోస్తే మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. ఆకులు, కాగితాలు, ప్లాస్టిక్ సంచులు అన్నీ మళ్ళీ మన సంచీలోకే. అక్కడ పారేయకండి.

తిన్నాక మా నాయుడుపేట ఆవిడ దుప్పటి మీద అలా ఒరిగింది. ఒరిగిందే తడవు, నిద్ర! మా ప్రణాళిక ప్రకారం అప్పటికే సూళ్ళూరుపేట బయలుదేరి ఉండాలి. డ్రైవరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. చెన్నై ఆవిడ తన కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది. మేం గుసగుసగా మాట్లాడుకున్నాం. కోడళ్ళ గురించి, మోకాళ్ళ గురించి, ఒకావిడ భయపడుతున్న కంటి ఆపరేషను గురించి. ముప్పావుగంట తర్వాత లేచి, "అయ్యో, లేపలేదేమే! మీ రోజంతా పాడు చేశాను" అంది. "రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తావే?" అనడిగింది తిరుపతి ఆవిడ. "నాలుగుసార్లు" అంది తను జడ ముడివేసుకుంటూ. ఈ సంగతి మూడేళ్ళుగా ఏ ఫోనులోనూ చెప్పలేదు.

అందుకే అంటాను, పది చోట్లు పెట్టుకుని గడియారం చూసుకుంటూ తిరిగే ప్రయాణం స్నేహితురాళ్ళతో వద్దు. అది కావాలంటే టూరిస్టు బస్సు ఉంది.

సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ గుడి కాళంగి నది ఒడ్డున ఉంది. ఈ తల్లి గుడికి తలుపులు ఉండవు. పగలూ రాత్రీ ఎప్పుడు వెళ్ళినా దర్శనం. రాకెట్టు ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు కూడా వచ్చి మొక్కుకునేది ఇక్కడే. ఇంట్లో మూడు తాళాలు వేసి వచ్చిన మేం, తలుపే లేని గుమ్మం ముందు కాసేపు నిలబడి, ప్రసాదం తీసుకుని కదిలాం.

అక్కడ నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే వెళుతుంది. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఈ ప్రాంతానికి ప్రళయకావేరి అనే పాత పేరు కూడా ఉంది. ఎంత చక్కని పేరో కదా! రెండువైపులా నీళ్ళు, మధ్యలో తాడులా రోడ్డు. దూరంగా నీళ్ళ మీద లేత గులాబీ రంగు గీత ఒకటి కనిపిస్తే అది ఫ్లెమింగోల గుంపన్నమాట. మోకాలి లోతు నీళ్ళలో తల తలకిందులుగా ముంచి, ముక్కుతో జల్లెడ పట్టినట్టు నాచూ చిన్న రొయ్యలూ వడకట్టుకుంటాయి. ఆ తిండిలోని రంగే ఒంటికి పడుతుంది. పిల్లలుగా ఉన్నప్పుడు బూడిద రంగే. ఇవి గూడబాతుల్లా ఇక్కడ పిల్లలు పెట్టవు. ఆ పని గుజరాత్‌లోని కచ్ రణ్‌లో చూసుకుని, ఇక్కడికి తిండికోసం వస్తాయి. పుట్టిల్లు ఒకచోట, భోజనం ఒకచోట!

రోడ్డు చివర షార్ గేటు. అనుమతి లేనిదే లోపలికి పంపరు. రాకెట్టు ప్రయోగం చూడాలని ఉంటే, 2019లో ప్రజల కోసం గ్యాలరీ కట్టారు, ముందుగా ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. పిల్లలతో వెళ్ళేటప్పటి మాట అది. మేం గేటు దూరంగా కనిపించగానే కారు తిప్పించాం, టైము నాలుగయింది మరి.

అయిదున్నరకు నాయుడుపేటలో ఆవిడను గుమ్మం ముందు దింపాం. పది నిమిషాలు కూర్చుని కాఫీ తాగాం. వాళ్ళ అత్తగారు మంచం మీద నుంచే, "ఏమేం చూశారమ్మా?" అని అడిగారు. కోడలు ఫోనులో గూడబాతు పిల్లలను చూపిస్తే, ఆవిడ కళ్ళద్దాలు తెప్పించుకుని మళ్ళీ మళ్ళీ చూశారు. పెళ్ళి కాకముందు తన పుట్టింటి చెరువులోనూ ఇవి వాలేవట.

మీరు వెళ్ళాలనుకుంటే అక్టోబరు చివరి నుంచి మార్చి లోపు వెళ్ళండి. గూళ్ళు నిండుగా ఉండేది డిసెంబరు, జనవరి. ఆ ప్రాంతంలో ఫ్లెమింగో పండుగ కూడా చేస్తుంటారు. 2025లో జనవరిలో మూడు రోజులు జరిగింది. జనం మధ్య కబుర్లు కుదరవు కాబట్టి ఆ రోజులు తప్పించడం మేలు. ఎండకు టోపీ లేదా గొడుగు, తాగేనీళ్ళు, మెత్తటి చెప్పులు ఉండాలి. ముదురు ఎరుపు, పసుపు చీరలు ఆ రోజుకు మానేయండి, పక్షులు బెదురుతాయి. నాయుడుపేటలోనో, సూళ్ళూరుపేటలోనో బాత్రూము పని చూసుకునే బయలుదేరండి, సరస్సు రోడ్డు మీద మరుగంటూ ఏమీ ఉండదు.

వచ్చే ఏడాదికి 200 రూపాయల డబ్బాలో వేయడం అప్పుడే మొదలుపెట్టాం. ఈసారి గీత తిరుపతి ఇంటి చుట్టూ గీయాలి. ఆ కంటి ఆపరేషను ఆవిడకే మరి.