జనరల్ బజారు నుండి ఆర్ట్స్ కాలేజీకి

సికింద్రాబాదు జనరల్ బజారులో ఒక బట్టల దుకాణమున, గిరాకీలు విప్పి చూచి వదలిన చీరలను పాతమడత తప్పకుండ మరల మడచుచు, బేరము సన్నగిల్లినప్పుడు గల్లాపెట్టె చాటున నోటుపుస్తకము తెరచుకొను యువకుని తరచుగ చూచుచుందును. ఉదయమున అతడు ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి ఆర్ట్స్ కాలేజీ స్టేషనున దిగు ఉస్మానియా విద్యార్థి; పైగా జాతీయ సేవా పథకమున వాలంటీరు. గాంధీజీ శతజయంతి వత్సరమైన 1969లో ఆరంభమైన ఆ పథకము రెండేండ్లలో 240 గంటల సేవను, ఏడు దినముల శిబిరమును కోరును. తరగతులకు హాజరు, కొలువునకు వేళ, సేవకు గంటలు చెల్లించుకొనగా తరిగిపోవునది అతని నిద్రయే.

వారాలు చేసికొని చదివిన పూర్వులను మనము గర్వముతో తలంతుము గాని, ఆ వారాల వెనుక అన్నము పెట్టిన ఇల్లాండ్రు కలరని మరచెదము. రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు, ఊళ్ళనుండి వచ్చిన పిల్లలకు కూడు గూడులతోపాటు గ్రంథాలయమును గూడ సమకూర్చినది. ఈ బిడ్డకు అట్టి ఊత ఏది? శిబిరమునకు పోయిన ఏడు దినముల జీతము ఎవరిచ్చెదరు? శిబిరమును దసరా గిరాకీ రోజులకు ఎడముగా పెట్టుట కళాశాలకు కష్టము కాదు.

ఇది చదువు వ్యాపారులెవరైన నున్నచో, మీ దుకాణమున పనిచేయు విద్యార్థిని పరీక్షల తేదీలెప్పుడని రేపే అడుగుడు. ఆ దినములలో రెండు గంటలు ముందుగా విడువుడు, జీతము కోయకుడు.