మీటరుకు ఎవరు చెప్పారు?

పిట్స్‌బర్గ్‌లో మా గ్యారేజీలో ఒక చిన్న కరెంటు కొలిమి ఉంది. కత్తులను వేడిచేసి గట్టిపరచడానికి కట్టుకున్నాను. ఈ చలికాలంలో దానికి టెంపరేచర్ కంట్రోలర్ బిగించాను. మామూలు కార్బన్ ఉక్కును 800 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి తీసుకెళ్ళి నూనెలో ముంచాలి. వేడి చాలకపోతే కత్తి గట్టిపడదు. మితిమీరితే లోపలి రేణువులు పెరిగి పెళుసుబారుతుంది. కంటికి మాత్రం రెండూ ఎరుపే.

నాన్న విశాఖ స్టీల్‌ప్లాంటులో, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు గాజువాకలో ఉంటున్నారు. వీడియో కాల్‌లో ప్యానెల్ చూపిస్తే ఆయన మొట్టమొదట అడిగింది థర్మోకపుల్ గురించే. "మీటరు చెప్పిందని నమ్మేయకురా. మీటరుకు ఎవరు చెప్పారో చూడు" అన్నారు.

చెప్పేది రెండు వేర్వేరు లోహపు తీగలు, అదే థర్మోకపుల్. వాటిని ఒక కొసన కలిపి కొలిమిలో పెడతాం. నేను వాడిన 'కె' రకంలో 800 డిగ్రీల దగ్గర పుట్టేది 33 మిల్లీవోల్టులు మాత్రమే. దూరం చాలలేదని మామూలు రాగి తీగతో పొడిగిస్తే, ఆ అతుకు దగ్గరున్న వేడి లెక్కలోంచి జారిపోతుంది. మీటరు తక్కువ చూపిస్తుంది, కొలిమి ఎక్కువ కాలుతుంది. అందుకే పొడిగింపు తీగ కూడా అదే రకానిది కావాలి. అమెరికాలో ఈ తీగల్లో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. తిరగేసి బిగిస్తే వేడి పెరిగేకొద్దీ అంకె కిందికి దిగుతుంది. కొలిమి ఇంకా చల్లగానే ఉందనుకుని కంట్రోలర్ కరెంటు ఆపదు.

నాన్నకు కొత్తగా అనిపించింది ఇక్కడి కరెంటు. మన ఇళ్ళలో 230 వోల్టులంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్. ఇక్కడి 240 వోల్టుల లైనులో రెండు తీగల్లోనూ కరెంటుంటుంది. కంట్రోలర్ చెప్పినట్టు కరెంటు ఆపే సాలిడ్ స్టేట్ రిలే తెంచేది ఒక తీగనే. కాయిల్ చల్లారినా రెండో తీగ నుంచి దానికి కరెంటు అందుతూనే ఉంటుంది. ఇనప పట్టకారు తగిలితే ప్రాణానికే ముప్పు. పైగా ఆ రిలే పాడైతే ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది. అందుకని రెండు తీగలనూ ఒకేసారి తెంచే కాంటాక్టర్ పెట్టాను. తలుపు తీయగానే ఆ కాంటాక్టర్ పడిపోయేలా స్విచ్ బిగించాను. కొలిమి ఒంటికి గట్టి ఎర్తింగ్ ఇచ్చాను. వేడి హద్దు దాటితే ఆపేయడానికి, సొంత థర్మోకపుల్‌తో రెండో కంట్రోలర్ పెట్టించింది నాన్నే.

ఇక మిగిలింది ఆటోట్యూన్. అన్నం పొంగు రాకముందే మంట తగ్గించినట్టు, 800 చేరకముందే కరెంటు ఎంత తగ్గించాలో కంట్రోలర్ తనంతట తానే నేర్చుకుంటుంది. అది పూర్తయ్యాక రెండో కంట్రోలర్ హద్దును కావాలనే 200కి దించి, కాంటాక్టర్ పడుతుందో లేదో చూడమన్నారు నాన్న. ఠక్కున పడింది.

స్టీల్‌ప్లాంటు అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులు. కానీ ఉక్కు తయారీలో ఎవరో ఒకరు వేడిని కొలిచి చెబితే తప్ప అడుగు ముందుకు పడదు. 1,600 డిగ్రీలు దాటిన ద్రవ ఉక్కులో ముంచే ప్లాటినం థర్మోకపుల్ కొన, కొద్ది సెకన్లలో కొలత ఇచ్చి కాలిపోతుంది. ఆ సెకన్లను నమ్మదగినవిగా చేసేది ఇన్‌స్ట్రుమెంటేషన్ మనుషులు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి సాధించిన ఫ్యాక్టరీకి 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితమైంది. అది మనకు ఉక్కుతోపాటు ఇలాంటి పనివాళ్ళ తరాన్నీ ఇచ్చింది.

2021 జనవరిలో కేంద్రం ప్రైవేటీకరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి భూముల విలువ, అప్పుల లెక్క చాలా విన్నాం. ఈ పనితనం విలువ ఎవరూ కట్టడం లేదు. గాజువాక, కూర్మన్నపాలెం వీధుల్లో రిటైరైన ఇన్‌స్ట్రుమెంటేషన్ పెద్దలు ఎందరో ఉన్నారు. ఐటీఐలు వాళ్ళను వారానికొక పూట పిలిచి, పిల్లల ముందు ఒక థర్మోకపుల్, ఒక రిలే, ఒక మీటరు పెట్టించాలి. విదేశాల్లో ఉన్న మేం ఆ సామాన్ల ఖర్చు భరించగలం. ఆ చేతుల్లోని విద్యను అందించగలిగింది మాత్రం వాళ్ళే.