నిప్పు లేని పొయ్యి

పొయ్యి చెడిపోవడం మన పెద్దలకు కొత్త బాధ కాదు. కాని ఆ బాధకు కారణం ఎప్పుడును కంటికి కనిపించునదే. కట్టె పచ్చిదైతే పొగ చెప్పేది. పంపు స్టవ్వులో కిరసనాయిలు పైకి రాకున్న పిన్నుతో పొడిచి సరిచేసేవారు. వత్తుల స్టవ్వు నీలిమంట మాని ఎర్రమంట పెట్టినచో వత్తులు కత్తిరించవలెనని ఇంటిలోని చిన్నపిల్లకు సైతం తెలిసియుండేది. ఇండక్షన్ పొయ్యితో ఈ పరిచయం తెగిపోయినది. నల్లని అద్దపు పలక, దానిమీద నాలుగు మీటలు. చెడినపుడు రెండు మూడు కూతలు, ఒక అక్షరం, ఒక అంకె. పొయ్యి ఏదో చెప్పినదని మాత్రం తెలియును. ఏమి చెప్పినదో తెలియదు.

మా ఇంటి పొయ్యి గత వేసవిలో ఇట్టి భాషలోనే మాతో మాట్లాడినది. లోపలి పంకా తిరుగుచున్నది. టిక్కు టిక్కుమని శబ్దం వచ్చుచున్నది. గిన్నె ఎదుటనే ఉన్నను గిన్నె లేదను సంకేతం చూపుచున్నది. "దీనికి కళ్లద్దాలు కావాలేమో బేటా" అని అమ్మీ నవ్వినది. మరమ్మతుకు వచ్చిన యువకుడు మూత విప్పకనే "బోర్డు మార్చాలి సార్" అన్నాడు. అతడు చెప్పిన ధర కొత్త పొయ్యి వెలలో సగానికి మించినది. దోషం ఏదో తెలియకుండా ఒక వస్తువును పారవేయుటకు మాకు మనసొప్పలేదు. కర్నూలు పాతబస్తీలో రేడియోల కాలం నుండి మరమ్మతులు చేయుచున్న ఒక పెద్దాయన ఉన్నారు. అందరును ఆయనను ఉస్తాద్ అనియే పిలుతురు. పొయ్యిని చంకన పెట్టుకొని మేము అక్కడికి పోయినాము. మూడు సాయంకాలాలు ఆయన బల్ల ప్రక్క కూర్చుండినాము.

తెలుగు చెప్పుకొనువారికి ఈ పని ఎందుకని విద్యార్థులు అడుగవచ్చును. ఎం.ఏ. చదువుకొన్నపుడు మాకు పాఠపరిష్కరణమని ఒక విషయముండినది. పద్యపాదంలో గణం తప్పినచోట మొదట కంటబడిన అక్షరాన్ని దిద్దరాదు, తప్పు అంతకు ముందే ఎక్కడో మొదలై యుండవచ్చునని మా గురువులు చెప్పేవారు. ఉస్తాద్ గారు చేసిన పని ఇంచుమించు అదే. ఆయన చేతిలో తాళపత్రానికి బదులు మల్టీమీటరు ఉన్నది.

ముందుగా పొయ్యి ఎట్లు పనిచేయునో చెప్పవలసియున్నది. మారే అయస్కాంత క్షేత్రం లోహంలో విద్యుత్తును పుట్టించునని ఫారడే 1831లో నిరూపించినాడు. ఈ పొయ్యికి మూలం అదే. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును బ్రిడ్జి రెక్టిఫైయరు ఒకే దిక్కున నడుచునట్లు చేయును. దానిని ఐ.జి.బి.టి. అను స్విచ్చు సెకనుకు ఇరువది వేల పర్యాయములకు పైగా కలుపుచు, త్రెంచుచు ఉండును. అద్దం క్రింది రాగితీగ చుట్టలో అంత వేగంగా మారే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగున సుళ్లు తిరిగే విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తుచే గిన్నెయే వేడెక్కును. అద్దం వేడి గిన్నె నుండి తిరిగి వచ్చినదే.

ఇక గిన్నె ఉన్నదో లేదో పొయ్యికి ఎట్లు తెలియును? మాకు మిక్కిలి నచ్చిన సంగతి ఇది. పొయ్యి ముందుగా రాగిచుట్టకు ఒక చిన్న విద్యుత్ తాకిడి ఇచ్చి చూచును. మేము విన్న టిక్కు టిక్కు అదే. గిన్నె ఉన్నచో ఆ కంపనాన్ని అది మ్రింగివేయును, కంపనం వెంటనే ఆగును. గిన్నె లేనిచో గంట కొట్టిన తరువాత మోగినట్లు కొంతసేపు సాగును. లోపలి చిప్పు ఆ కంపనాలను లెక్కించి నిర్ణయించుకొనును. అయితే రాగిచుట్ట దగ్గరి ఎక్కువ వోల్టేజిని చిప్పు తట్టుకోజాలదు. అందుచే పెద్ద విలువగల కొన్ని రెసిస్టర్ల ద్వారా దానిని తగ్గించి పంపుదురు.

ఉస్తాద్ గారు మూత విప్పుటకు ముందు మా గిన్నె అడుగున ఒక అయస్కాంతం పెట్టి చూచినారు. అతుక్కొన్నది. అల్యూమినియం, రాగి గిన్నెలకు అతుక్కోదు. అట్టివి సామాన్యమైన ఇండక్షన్ పొయ్యిమీద పనికిరావు. బాగున్న పొయ్యిని కూడ ఇందుచేతనే మరమ్మతుకు తెచ్చువారు కలరట. తరువాత ప్లగ్గు తీసి, పొయ్యి విప్పి, కెపాసిటర్లలో నిలిచియున్న విద్యుత్తును ఒక బల్బు ద్వారా ఖాళీ చేసినారు. ప్లగ్గు తీసిన పిదపను అందులో మూడు వందల వోల్టులకు పైగా నిలిచియుండవచ్చును. పంకాకు, చిప్పుకు పోవు 18, 5 వోల్టుల భాగం సైతం చాలా పొయ్యిలలో గోడ విద్యుత్తుతో నేరుగా ముడిపడియే ఉండును. చిన్న వోల్టేజి కదా అని విద్యుత్తు ఉండగా దానిని తాకినవాడు బ్రతుకుట అదృష్టం.

అద్దం క్రింద ఉష్ణం చూచు థర్మిస్టరు చల్లగా ఉన్నపుడు సుమారు 100 కిలో ఓములు చూపినది. బాగున్నది. వేలితో కొంతసేపు పట్టుకొనగా అంకె తగ్గినది. అదియును దాని ధర్మమే. ఐ.జి.బి.టి. బాగున్నది. అప్పుడాయన మేము పైన చెప్పిన రెసిస్టర్ల దగ్గరికి వచ్చినారు. ఒక్కొక్కదానికి ఒక కాలు టంకం విడిపించి కొలిచినారు. నారింజ, నారింజ, పసుపు చారలున్న ఒకటి 330 కిలో ఓములు చూపవలసినది, అంతకు మూడింతలు చూపినది. పైకి మాడిన గుర్తు లేదు. "రంగు చెరగలేదు సార్, గుణం చెరిగింది" అన్నారు ఉస్తాద్. దాని వెల రెండు రూపాయలు. బోర్డు మార్చవలెనన్న యువకుని మేము నిందింపము. వారికి నేర్పినది మార్చడమే కాని వెదకడం కాదు.

మూడవ సాయంకాలం మా హాస్టలు విద్యార్థి ఒకడు తన పొయ్యి తెచ్చినాడు. గాలివాన రోజున వీధి స్తంభంమీద న్యూట్రల్ తీగ తెగినది. అట్టి సమయంలో 230 వోల్టులు రావలసిన ఇంటికి 400కు దగ్గరగా రావచ్చును. ఆ ప్రమాదానికే బోర్డులో వేరిస్టరు అను బిళ్ల ఉండును. వోల్టేజి హద్దు మీరగానే అది తానే కాలి ఫ్యూజును పోగొట్టి మిగిలిన బోర్డును కాపాడును. ఇక్కడ బిళ్ల పగిలినది, ఫ్యూజు పోయినది. అంతవరకు ఆగినచో ముప్పది రూపాయల పని. కాని అతని మిత్రులు ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టి మరల ప్లగ్గు పెట్టినారు. రెక్టిఫైయరు పగిలి, బోర్డుమీది రాగిదారి బొగ్గైనది. అప్పుడు పొయ్యిమీద చేయి వేసియున్న కుర్రవాడు ఎగిరి మంచంమీద పడినాడట. నవ్వుచునే చెప్పినాడు. ఉస్తాద్ గారు మాత్రం నవ్వలేదు. "ఫ్యూజు పోయిందంటే లోపల ఎవడో చచ్చాడని నాయనా. ఎవడో చూసుకోకుండా కొత్తది పెట్టకూడదు" అన్నారు.

ఈ కళాశాల హాస్టలులో అట్టి పొయ్యిలు ఇంకను ఎన్ని ఉన్నవో కమిటీవారు విచారించుట మంచిదని మా మనవి. మూత విప్పకుండా విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. అయస్కాంతంతో గిన్నెను పరీక్షించవచ్చును. అడుగున గాలి పోవు కంతలలో దుమ్ము, బొద్దింకలు చేరినవేమో చూడవచ్చును. గాలి ఆడక కాగిన పొయ్యి తనంతట తానే ఆగును. వెంట వచ్చిన పుస్తకంలో సంకేతానికి అర్థం వెదకవచ్చును. అది కంపెనీకొక విధంగా ఉండును గనుక ప్రక్కగది పొయ్యి పుస్తకం పనికిరాదు. అటు పిమ్మట పని తెలిసినవారిది.

తెలిసినవారును మరమ్మతు చేసిన పొయ్యిని నేరుగా గోడకు తగిలింపరు. నూరు వాట్ల తంతి బల్బును వరుసలో కలిపి, దాని ద్వారానే మొదట విద్యుత్తు ఇత్తురు. లోపల ఇంకను లోపమున్నచో బల్బు నిండుగా వెలిగి ఊరకుండును, కొత్త భాగాలు కాలవు. మా పొయ్యిని అట్లు కలిపినపుడు బల్బు ఒకసారి మినుకుమని ఆరినది. ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపాలు వచ్చిన తరువాత ఆ తంతి బల్బులు మునుపటివలె దొరకుట లేదు. ఉస్తాద్ గారి బల్ల క్రింద అట్టపెట్టెలో, పాత వార్తాపత్రికలలో చుట్టినవి, పదకొండు మిగిలియున్నవి.