ఏడాదికో ప్రెసిడెంటు

అమెరికాలో మన తెలుగువాళ్ళ ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ఎఫ్‌బీఎల్‌ఏ అన్న మాట ఏదో ఒకరోజు వినపడి తీరుతుంది. ఫ్యూచర్ బిజినెస్ లీడర్స్ ఆఫ్ అమెరికా. స్పెల్లింగ్ బీ వయసు దాటిన మన పిల్లలు చాలామంది తేలేది ఇక్కడే, లేకపోతే దీని దాయాది డెకాలో. అకౌంటింగు, కోడింగు, సైబర్ సెక్యూరిటీ, ఉపన్యాసం - బోలెడు పోటీలుంటాయి. వారాంతం భోజనాల్లో మనవాళ్ళు అడిగే ప్రశ్నలు కూడా ఎప్పుడూ అవే: "మీవాడు ఏ ఈవెంటు? స్టేట్‌లో ఎన్నో ప్లేసు? నేషనల్స్‌కి వెళ్తున్నాడా?"

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అసలు ఆ సంఘాన్ని నడిపేదెవరు?

నేనుండేది అయోవా రాష్ట్రంలో, డెమోయిన్ దగ్గర. ఇక్కడి ఇన్సూరెన్సు కంపెనీల పుణ్యమా అని మనవాళ్ళు బాగానే ఉన్నారు. మొక్కజొన్న, మంచు తప్ప ఏముంది అక్కడ అని కాలిఫోర్నియా మిత్రులు వెక్కిరిస్తుంటారు. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఒక గొప్ప ఉంది. ఎఫ్‌బీఎల్‌ఏకి మొట్టమొదటి రాష్ట్ర శాఖ ఏర్పడింది అయోవాలోనే, 1947లో. మనకి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం.

కథ ఇంకో పదేళ్ళు ముందు మొదలవుతుంది. న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో హామ్‌డెన్ ఫోర్క్‌నర్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. తర్వాత 1952లో తన పేరుమీదే ఒక షార్ట్‌హ్యాండ్ పద్ధతి కూడా తెచ్చాడాయన. హైస్కూళ్ళలో టైపు, షార్ట్‌హ్యాండు, బుక్‌కీపింగు నేర్చుకునే పిల్లలకి దేశమంతటికీ ఒక సంఘం ఉండాలని 1937లో ప్రతిపాదించాడు. మన పెద్దవాళ్ళకి ఈ లోకం బాగా తెలుసు. టైపు హయ్యరు, షార్ట్‌హ్యాండు లోయరు పాసై ఉద్యోగంలో చేరిన మనిషి ప్రతి తెలుగు కుటుంబంలోనూ ఒకరైనా ఉంటారు. ఆ చదువుకి మన దగ్గర ఉన్న గౌరవమే అక్కడా! ఇంజనీరో డాక్టరో కాలేనివాళ్ళు చదివేది అన్న చిన్నచూపు.

చిన్నచూపు సంగతి అలా ఉంచండి, డబ్బులూ లేవు. 1917లో వచ్చిన స్మిత్-హ్యూస్ చట్టం హైస్కూళ్ళలో వ్యవసాయం, వృత్తిపనులు, గృహవిజ్ఞానం నేర్పడానికి కేంద్రం నిధులిచ్చింది. ఆఫీసు పని నేర్పే చదువుని అందులో చేర్చలేదు. వ్యవసాయం చదివే పిల్లలకి 1928లోనే కాన్సస్ సిటీలో ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా పుట్టేసింది. వీళ్ళకి కేంద్రం చెయ్యి అందింది 1963 నాటి వొకేషనల్ ఎడ్యుకేషన్ చట్టంతో. అంటే మధ్యలో ఉన్న ఇన్నేళ్ళూ ఈ సంఘాన్ని మోసింది ప్రధానంగా స్కూలు టీచర్లు. క్లాసులయ్యాక, సాయంత్రాలు.

మొదటి స్కూలు శాఖ 1942 ఫిబ్రవరి 3న టెనెసీలోని జాన్సన్ సిటీలో మొదలైంది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి రెండు నెలలు కూడా కాలేదు. దేశం మొత్తం యుద్ధానికి సిద్ధమవుతుంటే ఒక ఊళ్ళో టీచర్లూ పిల్లలూ కూర్చుని సంఘానికి అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని ఎన్నుకుంటున్నారు. నాకు ఈ విషయం తల్చుకుంటే భలే ఆశ్చర్యంగా ఉంటుంది.

సరే, రాష్ట్ర శాఖ ఎందుకంత ముఖ్యం? అమెరికాలో చదువు రాష్ట్రాల చేతిలో ఉంది. సిలబస్, టీచర్ల లైసెన్సులు, నిధుల పంపకం అన్నీ అక్కడే. జాతీయ సంస్థ పేరూ బ్యాడ్జీ ఇవ్వగలదు. నూరు మైళ్ళ అవతల ఉన్న చిన్న ఊరి స్కూల్లో ఒక్క టీచరుతో నడిచే శాఖని పట్టించుకోవాలంటే మాత్రం రాష్ట్రంలో ఎవరో ఒకరుండాలి. మన భాషలో చెప్పాలంటే జాతీయ సంస్థది స్పెసిఫికేషను, రాష్ట్ర శాఖది ఇంప్లిమెంటేషను. పేజర్ మోసేది ఎప్పుడూ రెండోవాళ్ళే కదా.

అందులో అయోవాయే ముందెందుకుంది? ఇది నా ఊహ మాత్రమే. పిల్లలకి సంఘం పెట్టి పని నేర్పడం ఈ నేలకి పాత అలవాటు. జెస్సీ ఫీల్డ్ షాంబాఘ్ అనే టీచరమ్మ 1901లో పేజ్ కౌంటీలో గోల్డెన్‌రాడ్ అనే పల్లెబడిలో అబ్బాయిలకి మొక్కజొన్న క్లబ్బు, అమ్మాయిలకి ఇంటిపనుల క్లబ్బు పెట్టింది. ఇవాళ దేశమంతా ఉన్న 4-హెచ్ సంఘాలకి మూలాల్లో అదొకటి. రాజకీయాల్లోనూ అంతే. ఇక్కడి కాకసులంటే స్కూలు జిమ్ములోనో చర్చి హాల్లోనో ఇరుగుపొరుగులు కూడి, ఒకరిని అధ్యక్షుడిగా కూర్చోబెట్టుకుని, చర్చించి లెక్కపెట్టుకోవడం. కుర్చీలు వేసుకుని పద్ధతిగా మీటింగు పెట్టడం వచ్చిన జనం వీళ్ళు. (ఇది చిన్న విషయం అనుకుంటున్నారా? కాస్త ఆగండి.)

ఇప్పుడు ఆ ఎవరూ అడగని ప్రశ్నకొద్దాం. రాష్ట్ర శాఖకి ప్రెసిడెంటు, సెక్రటరీ వగైరా అందరూ విద్యార్థులే. సాధారణంగా వసంతంలో జరిగే రాష్ట్ర సదస్సులో ఎన్నికలు. అభ్యర్థులకి దరఖాస్తు, ఇంటర్వ్యూ లాంటి వడపోతలుంటాయి. తర్వాత ప్రచారం, స్టేజి మీద ప్రసంగం, స్కూళ్ళ తరఫున వచ్చిన ప్రతినిధుల ఓట్లు. గెలిస్తే ఒక్క ఏడాది. అంతే. మళ్ళీ సదస్సు నాటికి వేరేవాళ్ళకి అప్పగించి దిగిపోవాలి. వాళ్ళ వెనకాల స్కూలు సలహాదారు టీచర్లు, వాళ్ళ పైన రాష్ట్ర సలహాదారు, ఒక బోర్డు. పిల్లలు మారుతుంటారు, టీచర్లు ఉంటారు, నియమావళి ఇంకా ఎక్కువకాలం ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఇరవయ్యేళ్ళున్న మనిషిగా నాకు ఈ డిజైన్ తెగ నచ్చింది. ఆలోచించండి. ప్రతి ఏడాదీ టీం మొత్తం రాజీనామా చేసి వెళ్ళిపోయే ప్రాజెక్టు ఎనిమిది దశాబ్దాలు నడవడానికి దగ్గరపడింది! మా ఆఫీసులో ఒక్క సీనియర్ వెళ్ళిపోతే ఆర్నెల్లు ఆ కోడు జోలికి ఎవరూ పోరు.

దీని కీలకం అంతా రాతలో ఉంది. ఎజెండా, మినిట్సు, కోశాధికారి నివేదిక, ఫలానా తీర్మానం ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు. ఎఫ్‌బీఎల్‌ఏలో సభా నిర్వహణకి ప్రత్యేకంగా పోటీయే ఉంది. నార్త్ డకోటాలో స్కూలు పిల్లలకీ యూనివర్సిటీ పిల్లలకీ సలహాదారుగా పనిచేసిన డొరోతీ ట్రావిస్ గారి పేరు దానికి పెట్టారు. గెలిచి వెళ్ళిపోయిన ప్రెసిడెంటు పేరు కాదు, వెనకాల నిలబడిన టీచరు పేరు. అది గమనించండి.

ఆ పోటీకి ఆధారం రాబర్ట్స్ రూల్స్. అది రాసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ లాయరూ కాదు, రాజకీయ నాయకుడూ కాదు. మనలాగే ఇంజనీరు, సైన్యంలో. 1863లో మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక చర్చి సభకి అధ్యక్షత వహించమంటే, అది కాస్తా రసాభాస అయింది. ఇంకోసారి ఇలా జరక్కూడదని పట్టుబట్టి పదేళ్ళకి పైగా చదివి, 1876లో తన ఖర్చుతో 4000 కాపీలు అచ్చు వేయించాడు. ప్రొడక్షన్‌లో తగిలిన దెబ్బకి ప్రొటోకాల్ రాసిన ఇంజనీరన్నమాట. ఒకసారి ఒక్క విషయమే మాట్లాడాలి. మెజారిటీది నిర్ణయం, మైనారిటీకి మాట్లాడే హక్కు. అధ్యక్షుడు చర్చలో దూరకూడదు. ఇంతే దాని సారం.

మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా రాష్ట్ర ఎన్నికల్లో నిలబడతానంది. తెలిసినవాళ్ళందరూ ఒకటే మాట. "ఎందుకండీ, ఆ టైములో అకౌంటింగు టెస్టుకి తయారైతే ప్లేసు గ్యారంటీ. ఎన్నికల్లో ఓడిపోతే అప్లికేషన్‌లో రాసుకోడానికి కూడా ఏం ఉండదు." మా ఆవిడ మాత్రం "ఓడిపోతే ఏమవుతుంది, ఇంటికొచ్చి అన్నం తింటుంది" అంది. నేనూ నిలబడమనే చెప్పాను.

నిజంగానే ఓడిపోయింది. కార్లో అరగంట మాట్లాడలేదు. తర్వాత తనే మొదలుపెట్టింది. "నాన్నా, గెలిచినమ్మాయి స్పీచ్‌లో చిన్న స్కూళ్ళకి బస్సు ఖర్చుల గురించి చెప్పింది. నాకా సంగతే తట్టలేదు." మర్నాడు ఆ గెలిచిన అమ్మాయికి మెయిల్ రాసి, చిన్న స్కూళ్ళ పని ఏదన్నా ఉంటే చేస్తానంది. ఆ ఏడాదంతా ఏ పదవీ లేకుండా మూడు పల్లెబళ్ళ వాళ్ళతో ఫోన్లు మాట్లాడుతూ ఉండేది. అందులో ఒక శాఖకి అప్పటికి ఉన్నది అయిదుగురు పిల్లలు. ఏ మెడలూ రాలేదు. రాష్ట్రంలో నాలుగో ప్లేసు వచ్చిన అకౌంటింగు సర్టిఫికెట్ కన్నా నా మటుకు నాకు ఇదే పెద్దది.

ఇప్పుడు మన సంగతి. ఒకప్పుడు నేను సభ్యుడిగా ఉన్న ఒక తెలుగు సంఘం ఉంది (పేరెందుకు లెండి). అందరూ పెద్ద పెద్ద కంపెనీల్లో మేనేజర్లు, ఆర్కిటెక్టులు. రెండేళ్ళ పదవీకాలం అయిపోయాక పాత ప్రెసిడెంటు గారు వెబ్‌సైటు పాస్‌వర్డు ఇవ్వలేదు, డొమైను ఆయన సొంత పేరు మీద ఉంది. బ్యాంకు లెక్కలు అడిగినవాణ్ణి "నామీద నమ్మకం లేదా" అన్నారు. మినిట్సు ఎవరూ రాయలేదు కాబట్టి ఏం తీర్మానించామో ఎవరి జ్ఞాపకం వాళ్ళది. చివరికి ఒకే ఊళ్ళో, ఒకే శనివారం, రెండు ఉగాదులు జరిగాయి. పులిహోర రెండుచోట్లా మిగిలిపోయింది.

మనకి తెలివి తక్కువా? కాదు. అలవాటు లేదు. మా కాలేజీలో ఎన్నికల్లేవు. ఎన్నికలున్నచోట కులమూ పార్టీలూ కొట్లాటలూ. దేశంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎలా జరగాలో చెప్పడానికి లింగ్డో కమిటీ 2006లో నివేదిక ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. ర్యాంకు కోసం చదివాం, ఉద్యోగం తెచ్చుకున్నాం. పదిమందిలో కూర్చుని మాట నెగ్గించుకోవడం, నెగ్గకపోతే అదే కుర్చీలో కూర్చుని పని చెయ్యడం మాకెవరూ నేర్పలేదు. పదిహేనేళ్ళప్పుడు నేర్చుకోవాల్సింది నలభై అయిదో ఏట, నలుగురిలో, నేర్చుకుంటున్నాం.

ఎఫ్‌బీఎల్‌ఏలో లోపాల్లేవని కాదు. సూటు, హోటలు, ప్రయాణం - ఖర్చు ఎక్కువే, ఉన్న స్కూళ్ళకే ముందుకెళ్ళే వీలు. మంచి టీచరు రిటైరైతే పదేళ్ళ శాఖ ఒక్క ఏడాదిలో మూతపడొచ్చు. ఎన్నికలంటే కొంత అందమైన పోస్టర్ల పోటీ కూడా. 2020లో కోవిడ్ వచ్చి జాతీయ సదస్సు ఆన్‌లైన్‌కి మారినప్పుడు, హాల్లో నలుగురి మధ్యా నేర్చుకునేది స్క్రీను మీద రాదని తేలిపోయింది. అయినా కొత్త ఆఫీసర్లు వచ్చారు, సంఘం ఆగలేదు. నియమావళి ఉన్న సంఘానికీ మనిషి మీద నడిచే సంఘానికీ తేడా అదే.

మీ పిల్లలు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, పోటీలకి పంపండి, తప్పులేదు. దాంతోపాటు ఒక్క ఏడాదన్నా సెక్రటరీగా మినిట్సు రాసే పనికో, కోశాధికారి పనికో పెట్టండి. అప్లికేషన్‌లో ఒక్క లైను కూడా పట్టదు, పట్టించుకోకండి.

మా ఊళ్ళో ఇప్పుడు కొత్తగా ఇంకో సంఘం మొదలవుతోంది. (అవును, మూడోది. నవ్వకండి.) నన్ను కూడా పిలిచారు. నేను పెట్టిన షరతు ఒక్కటే: ప్రెసిడెంటుకి ఏడాదే గడువు, డొమైనూ బ్యాంకు ఖాతా సంఘం పేరు మీదే, మీటింగులో మినిట్సు రాసేది హైస్కూలు పిల్లలు. మొదటి రెంటికీ కాస్త గొణిగి ఒప్పుకున్నారు. మూడోదానికి ఒకాయన "పిల్లల ముందు మనం కొట్టుకుంటే బాగుంటుందా?" అన్నారు.

బాగుండదనే కదండీ పెట్టమంటున్నది!