సనద్

ఈద్ మర్నాడు కర్నూలు నుంచి మా చెల్లి ఫోన్ చేసింది. "భాయ్‌జాన్, మా మీద కేసు పెడతారా?" అంది. పిల్లని బడికి పంపకపోతే వాలిదైన్‌ని జైల్లో వేస్తారని పక్కింటావిడ చెప్పిందట.

మా భాంజీ ఐదో తరగతి తర్వాత బడి మానేసి హిఫ్జ్‌లో చేరింది. మూడున్నరేళ్లలో హాఫిజా అయింది, మాషా అల్లాహ్. తిరిగి బడికి వెళ్లమంటే, తనకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చోనంది. అందుకని ఇంట్లోనే చదువు. లెక్కలు వాళ్ల అబ్బా, ఉర్దూ దాదీ, తెలుగు ఫోన్లో నేను.

కేసు ఫికర్ వదిలెయ్యమన్నాను. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి తాలీమ్‌ని ఉచితం, లాజిమీ చేసింది. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల జిమ్మేదారీ అంది. చేర్చకపోతే సజా ఏమిటో మాత్రం అందులో రాయలేదు. 2012లో సవరించి మదర్సాలనీ, వేద పాఠశాలలనీ ఆ చట్టం నుంచి తప్పించారు. ఇంటి చదువు సంగతి అందులో లేనే లేదు. వద్దనీ లేదు, సరేననీ లేదు.

అసలు మసలా సనద్‌ది. మా చాచా కొడుకు ఉస్తాదుల దగ్గర బాగా చదువుకున్నాడు, దుకాణం లెక్కలన్నీ వాడే చూసేవాడు. కానీ పదో తరగతి కాగజ్ లేదు. సౌదీ వెళ్దామంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడింది. ఆ క్లియరెన్స్ కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దుకాణంలోనే ఉండిపోయాడు. నా సంగతి చూడండి. ఉర్దూ మీడియం కుర్రాడు తెలుగు డిగ్రీకి దరఖాస్తు పెడితే క్లర్క్ కిందికీ పైకీ చూశాడు. చేతిలో సర్టిఫికెట్ ఉంది కాబట్టి సీటు ఇచ్చాడు. లేకపోతే ఇవాళ ఈ తెలుగు రాసేవాణ్ణి కాదు.

ఇంట్లో చదివే పిల్లలకి ఆ కాగజ్ ఓపెన్ స్కూల్ నుంచి వస్తుంది. తెలంగాణకి, ఆంధ్రకి వేర్వేరు ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. దేశమంతటికీ ఎన్‌ఐఓఎస్ ఉంది. అందులో పదికి 14 ఏళ్లు నిండాలి. టీసీ లేకపోయినా, ఈ చదువు చదవగలనని స్వయంగా రాసిస్తే సరిపోతుంది. ఐదు సబ్జెక్టులు ఒకేసారి రాయక్కర్లేదు, ఐదేళ్ల గడువుంది. ఉర్దూలోనూ రాయొచ్చు, తెలుగులోనూ రాయొచ్చు. ఇంటర్‌కి 15 నిండాలి, పది పాసై ఉండాలి.

ఇంతా చెప్పాక, ఆధార్ తీసి చూడమన్నాను. పుట్టిన తేదీ జనవరి 1! మా మొహల్లాలో సగం మంది ఆ రోజే పుట్టారు, అది వేరే కథ. సంవత్సరం కూడా ఒకటి ముందుకు జరిగింది. ఆ లెక్కన పిల్లకి ఇంకా 13. మునిసిపాలిటీ బర్త్ సర్టిఫికెట్‌లో తేదీ సరిగానే ఉంది, కానీ పేరు చివర ఫాతిమా లేదు. ముందు అక్కడ పేరు, తర్వాత ఆధార్‌లో తేదీ. చెల్లి, బహనోయీ రెండు నెలలు తిరిగారు. మీ ఇంట్లో హిఫ్జ్ చేస్తున్న పిల్లలుంటే, ఫారం నింపే రోజు దాకా ఆగకుండా ఈ రెండు కాగజాత్ ఇవాళే పక్కపక్కన పెట్టి చూడండి.

నిన్న భాంజీ ఫోన్ చేసింది. ఆధార్ సరిచేశారట.

"మామూ, తెలుగు కూడా పెట్టుకున్నా. రోజూ అరగంట ఇవ్వాలి మీరు. వ్యాకరణం వద్దు."

వ్యాకరణం లేకుండా ఎలా పాసవుతావే అని అడిగేలోపు పెట్టేసింది.