మేయారీ షాదీ

ఉర్దూ అఖ్బార్లలో ‘జరూరత్-ఎ-రిష్తా’ కాలమ్ చదివే అలవాటుందా మీకు? నాకుంది. డెస్కులో పనిచేసిన రోజుల్నించీ ఉంది. అందులో ఒక మాట మాటిమాటికీ తగుల్తుంటుంది, ‘మేయారీ షాదీ’ అని. మేయార్ అంటే స్థాయి, ప్రమాణం. మా ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్లు ఏదైనా మంచి మజ్మూన్ చదివినప్పుడు ‘మేయారీ చీజ్ హై’ అనేవాళ్లు. అదే మాట రిష్తాల కాలమ్‌లోకి వచ్చేసరికి వేరే వేషం కట్టింది. జోడే కీ రఖమ్ అడగరు, జహేజ్ అడగరు, లేన్‌దేన్ ఊసే ఎత్తరు. షాదీ మాత్రం మేయారీగా చేయాలంటారు. అంటే ఏసీ ఫంక్షన్ హాలు, బిర్యానీకి ముందు రెండు రకాల కబాబ్‌లు, ఖుబానీ కా మీఠా మీద ఐస్‌క్రీమ్, స్టేజీ వెనకాల పూల గోడ. జహేజ్‌ను నేను వెనకేసుకు రావట్లేదుగానీ, ఆ మంచం, ఆ బీరువా కనీసం పిల్ల వెంట పోయి ఆమె ఇంట్లో ఉంటాయి. మేయార్ మాత్రం హాలు వాచ్‌మన్ లైట్లు ఆర్పేయడంతోనే ఖతమ్.

పోయినేడు ఆ మాట మా ఆపా ఇంట్లోనే వినపడింది. దుల్హేభాయ్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆయన ఇంతకాల్ అయ్యి ఆరేళ్లు. ఆపా మెషిన్ కుడుతుంది. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. కూతురు డిగ్రీ అయిపోయి బీఎడ్ చేయాలని చూస్తోంది. ఆస్తి అంటే దుల్హేభాయ్ ఊరి చివర కొన్న 150 గజాల జాగా, అంతే. ఖమ్మం నుంచి రిష్తా వచ్చింది. అబ్బాయి ప్రైవేటు బళ్లో లెక్కల టీచరు. షరీఫ్ ఖాందాన్. బాత్ పక్కీ అయిన రోజు, చాయ్ తాగుతూ అబ్బాయి తల్లి అంది: “హమ్నా కుచ్ నక్కో ఆపా. షాదీ జరా మేయారీ కరో, బస్.”

ఆపా తలూపింది. రాత్రి నన్ను పక్కన కూచోబెట్టుకుని, “ఆ జాగాకు బేరం చూడు తమ్ముడూ” అంది.

పాత నోట్‌బుక్కు తీసి లెక్క రాశాను. హాలు, డెకరేషన్, 600 మందికి ఖానా, వీడియో, బారాత్‌కు మర్ఫా, బట్టలు. లెక్క 7,00,000 దాటింది. జాగా అమ్మితే మహా అయితే 9,00,000 వస్తాయి. మిగిలినదాంట్లో పిల్లవాడి చదువు. ఆపా ఆ అంకెలు చూసి ఏమీ అనలేదు, వేరే దారి లేదన్నట్టు దుపట్టా సర్దుకుంది. అప్పుడు మా భాంజీ వచ్చి నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. “మామూ, ఈ 600 మందిలో నా పేరు తెలిసినోళ్లు ఎంతమంది?”

నవ్వులాటకు అడిగిందనుకున్నా. కాదు. కొత్త పేజీ తిప్పి పేర్లు రాయడం మొదలుపెట్టింది. ఖాలాలు, మామూలు, చచ్చా వాళ్లు, ఫూఫీలు, గల్లీలో వాళ్లు, తనతో చదివిన పిల్లలు, ఆపా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఆడవాళ్లలో ఇంటి మనుషుల్లా మెలిగేవాళ్లు. పేరు చెప్పగానే ముఖం గుర్తు రావాలి, అదే షరతు. రాత్రి పదకొండైంది. మొత్తం 140 దగ్గర ఆగింది.

తక్కిన 460 మంది ఎవరు? మనం వాళ్లింట్లో దావత్ తిన్నవాళ్లు. ఇక్కడే ఆపాకూ కూతురికీ గట్టిగా పడింది. ఆపా మాటను తేలిగ్గా తీసేయలేం. దావత్ అంటే మనలో ఒక రకం ఖర్జ్. తిన్నాం, తినిపించాలి. పైగా ఆమె బేవా. “బాప్ లేని పిల్ల కదా, ఏదో అయిందనిపించిన్రు అంటరు. ఆ మాట నేను పడాలె, మీరు కాదు” అంది. ఆ భయంలో అబద్ధం లేదు. మన మొహల్లాల్లో ఆ మాట అనేవాళ్లు ఉన్నారు, అంటారు కూడా. భాంజీ చాలాసేపు ఊరుకుని, “అబ్బా కొన్నది ఇంట్ల అదొక్కటే ఉందమ్మీ. నా పేరు చెప్పి ఒక్క రాత్రిల తినేస్తరా?” అంది. ఆపా లేచి లోపలికి వెళ్లిపోయింది. పొద్దున్నే మాత్రం, “ఖమ్మం పోయి మాట్లాడు” అంది నాతో.

వెళ్లాను. దీనీ మాటలు సిద్ధం చేసుకునే వెళ్లాను. పెళ్లయిందని చెప్పిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌తో, ఒక్క మేకతోనైనా సరే వలీమా ఇవ్వమన్నారు హుజూర్. హజ్రత్ సఫియా వలీమా మరీ సాదా. ఖైబర్ నుంచి తిరిగొచ్చే దారిలో తోలు పరిచి, ఎవరి దగ్గర ఏముంటే అది తెమ్మన్నారు. ఒకరు ఖజూర్ తెచ్చారు, ఒకరు నెయ్యి తెచ్చారు, కలిపి తిన్నారు. అదే వలీమా. ఇక ఆడపిల్ల తరఫువాళ్లు బారాత్‌కు విందు పెట్టాలని షరీఅత్‌లో ఎక్కడా లేదు, వలీమా అబ్బాయి జిమ్మా. ఇదంతా చెప్పాను. అబ్బాయి తల్లి ఓపిగ్గానే విని, “మా నందుల షాదీలకు నా మెడలోది పోయింది భాయ్. అప్పుడు ఎవరూ నాకు హదీస్ చెప్పలే” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె అడిగే మేయార్ ఎక్కడ పుట్టిందో అప్పుడు కనపడింది.

మాట్లాడింది అబ్బాయి. “అమ్మీ, వాళ్లు 600 మందికి పెడితే రెండో రోజు వలీమాకు మనం 200 మందికి పెడతమా? పెట్టనిస్తవా నువ్వు?” తన దగ్గరున్నది 1,20,000 అని, మిగతాది అప్పు తేవాలని లెక్కల టీచరు లెక్క చెప్పాడు. ఆ తల్లి ఇంతవరకూ ఆ వైపు నుంచి చూసినట్టు లేదు. మేయార్ ఒక ఇంట్లో మొదలైతే రెండో ఇంట్లో ఆగదు, పెరుగుతుంది. బేవా ఇంట్లో జాగా అమ్మకానికి పెట్టే దావతే టీచరు ఇంట్లో వడ్డీకి అప్పు తెప్పిస్తుంది. నా హదీస్‌లకు కదలనిది ఆ లెక్కకు కదిలింది. చాయ్ ఇంకోసారి వచ్చింది. బారాత్‌కు 50 మంది చాలన్నారు. ఆ 50 మందినీ మా 140లోనే కలిపి చెప్పి ఉంటే బాగుండేదని ఆపా అలిగింది గానీ, మొత్తం 190తో సర్దుకున్నాం.

నికాహ్ మస్జిద్‌లో, అసర్ తర్వాత. మా మస్జిద్‌లో ఆడవాళ్లకు జాగా లేదు. అయితే సెహన్ పక్కన మదర్సా గది ఉంది, మధ్యలో కిటికీ. దుల్హన్, ఆడవాళ్లు అక్కడ కూచున్నారు. వకీల్‌గా నేనే, ఇద్దరు గవాహ్‌లతో లోపలికెళ్లి అడిగాను. ఖుబూల్ అని భాంజీ అన్న మాట కిటికీ ఇవతల కూచున్నవాళ్లకూ వినిపించింది. మామూలుగా ఏ ఇంట్లోనో, ఏ గదిలోనో అనిపించి వచ్చి చెబుతారు.

ఆమెకింకో కోరిక ఉండింది. తన దోస్తుల్లో, మా గల్లీలో ఉర్దూ రానివాళ్లే ఎక్కువ, అందులో మన పిల్లలు కూడా సగం. ఖుత్బా అర్థం తెలుగులో చెప్పించమంది. ఇమామ్ సాబ్ ఐదు నిమిషాలిచ్చారు. డిగ్రీలో చదివిన తెలుగు ఇన్నాళ్లు వార్తలకే పనికొచ్చింది, ఆ రోజు మస్జిద్ సెహన్‌లో పనికొచ్చింది. ఖుత్బాలో చదివే ఆయత్‌లలో ఏముంది? అల్లా పట్ల తఖ్వా, చుట్టరికాలు తెగకుండా చూసుకోవడం, మాట సూటిగా సాఫ్‌గా మాట్లాడటం. సూటిగా మాట్లాడటం అన్నప్పుడు నాకు రిష్తాల కాలమ్ గుర్తొచ్చింది, పైకి అనలేదు. రుఖ్ఖా కూడా నేనే రాశాను. పైన బిస్మిల్లా, కింద తెలుగు, వెనక వైపు ఉర్దూ. తెలుగు వైపు చదివి మా పక్కింటి టీచరమ్మ, “మీ కార్డు మొదటిసారి పూర్తిగా చదివానయ్యా” అంది.

మెహర్ విషయం ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు జాగ్రత్తగా వినండి. సియాహాలో రెండు మాటలుంటాయి, మొఅజ్జల్, మువజ్జల్. మొదటిది ఐన్‌తో రాస్తారు, అంటే వెంటనే ఇచ్చేది. రెండోది వావ్, హమ్జాతో, అంటే తర్వాత ఇచ్చేది. వినడానికి దాదాపు ఒక్కటే, తేడా ఒక జీవితమంత. అత్తల మెహర్లు, అమ్మల మెహర్లు ఆ వావ్ దగ్గరే నిలిచిపోయి జనాజా రోజు మాఫ్ చేయించుకున్న ఇళ్లు మీకూ తెలుసు. మా భాంజీ ఐన్ రాయించుకుంది. బీఎడ్ రెండేళ్ల ఫీజు లెక్కేసి 60,000 అడిగింది. అబ్బాయి నఖద్ ఇచ్చాడు, ఖాజీ సాబ్ అట్లాగే రాశారు. మెహర్ కూడా కట్నం లాంటిదే కదా అని ఒక మిత్రుడన్నాడు. కాదు. 1961 కట్న నిషేధ చట్టమే మెహర్‌ను కట్నం నిర్వచనం నుంచి పక్కన పెట్టింది.

ఖానా ఆపా ఇంటి ముందే, షామియానా కింద, దస్తర్‌ఖాన్ పరిచి. బిర్యానీ లేదు. బగారా ఖానా, దాల్చా, తలావా గోష్త్, డబుల్ కా మీఠా. గోష్త్ తిననివాళ్లకు విడిగా బగారా బైంగన్, పప్పు. మా మొహల్లా బావర్చీ పది కిలోల బియ్యం దేగ్‌లు రెండు ఎక్కించి, చిన్న దేగ్ ఒకటి చేతి కింద ఉంచుకున్నాడు, అదీ ఖాళీ అయింది. నిజం చెప్పాలంటే దాల్చా ఉన్నచోట బిర్యానీని ఎవరూ తలుచుకోలేదు. బట్టలు ఆపా కుట్టింది, దుపట్టా మా అమ్మీది, జరీ కొంచెం నల్లబడిందంతే. అన్నీ కలిపి ఖర్చు 1,65,000.

అందులో 18,000 బీరువాకి. ఎవరూ అడగలేదు, నేను వద్దన్నాను, భాంజీ వద్దంది. “నా బిడ్డ నా ఇంట్లకెళ్లి ఖాళీ చేతుల్తో పోదు” అని ఆపా కొనేసింది. తల్లి ముందు లెక్కలు నడవవు.

బడీ ఫూఫీ రాలేదు. హాల్‌లో షాదీ చేయనోళ్ల ఇంటికి నేనెట్లా వస్తానని కబురు పంపింది. ఇప్పటికీ ఆపాతో మాట్లాడటం లేదు. దానికి మందు నా నోట్‌బుక్కులో లేదు.

షాదీ ముబారక్ సంగతి చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. 2014లో 51,000తో మొదలైంది, ఇప్పుడు 1,00,116. అమ్మాయికి 18 నిండాలి, ఇంటి ఆదాయం ఊళ్లో 1,50,000, పట్నంలో 2,00,000 దాటకూడదు. తప్పకుండా దరఖాస్తు చేయండి, కానీ ఆ డబ్బును షాదీ ఖర్చులో ముందే రాసుకోవద్దు. వచ్చినప్పుడు ఇల్లు నిలబెట్టుకోవడానికి ఉంచుకోండి.

జాగా అట్లాగే ఉంది. భాంజా చుట్టూ కడీలు పాతి వైరు కట్టాడు. మొదటి జుమాగీకి ఎంతమంది వస్తారోనని ఆపా బుధవారం నుంచే కంగారు పడుతుంటే ఖమ్మం నుంచి ఫోనొచ్చింది. “మేమిద్దరమే మామూ. అమ్మీని ఖట్టీ దాల్, పాపడ్ చేయమను. గోష్త్ నక్కో.”